ఆట నేర్పే బల్లల సంత: ఎస్సెన్ ‘ష్పీల్’లో నాలుగు రోజులు

నెల్లూరు మాగుంట లేఅవుట్‌లోని మా మేడ మీద ఆరేళ్లుగా ప్రతి ఆదివారం సాయంత్రం బోర్డు గేములు ఆడుకుంటున్నాం. 2024 అక్టోబరు 3 నుంచి 6 వరకు జర్మనీలోని ఎస్సెన్ నగరంలో జరిగిన ‘ష్పీల్’ బోర్డు గేముల ప్రదర్శనకు ఆ బృందంలోంచి ముగ్గురం వెళ్లాం. కావలిలో మందుల దుకాణం నడిపే మిత్రుడు, చీమకుర్తిలో గ్రానైట్ వ్యాపారంలో ఉన్న మిత్రుడు, లెక్కల మాస్టారుగా పనిచేస్తున్న నేను బయలుదేరితే, కొలోన్‌లో ఉద్యోగం చేసుకుంటున్న కందుకూరు మిత్రుడు అక్కడ మాతో కలిశాడు. అంత దూరం, అంత ఖర్చు పెట్టుకొని వెళ్లదగినదేనా అని తిరిగి వచ్చినప్పటి నుంచి తెలిసినవాళ్లు అడుగుతూనే ఉన్నారు కాబట్టి, అందరికీ ఒకేసారి జవాబుగా ఇది రాస్తున్నాను. కొత్త ఆటలు కొనుక్కోవడమే ఉద్దేశమైతే వెళ్లనవసరం లేదు, వాటిలో చాలా మటుకు కొన్ని నెలల్లో ఇంటి నుంచే తెప్పించుకోవచ్చు. ఒక ఆటను ముక్కూ మొహం తెలియనివాళ్లకు ఎలా నేర్పాలో, ఎలా నేర్పకూడదో కళ్లారా చూడాలనుకునేవారికి మాత్రం అంతకు మించిన చోటు నాకు తెలియదు.

‘ష్పీల్’ అంటే జర్మన్ భాషలో ఆట. 1983లో ఎస్సెన్‌లోని ఒక వయోజన విద్యాకేంద్రంలో, ఆటలంటే ఇష్టపడేవాళ్లు కలుసుకునే చిన్న సమావేశంగా మొదలైన ఈ కార్యక్రమం ఇప్పుడు ‘మెస్సె ఎస్సెన్’ అనే ప్రదర్శన ప్రాంగణంలో హాలు తర్వాత హాలుగా పరుచుకుంది. 2024లో ఆ నాలుగు రోజుల్లో వచ్చిన సందర్శకులు 2 లక్షలు దాటారు, బల్లలు వేసిన సంస్థలు 900 దాటాయి. అమెరికాలో 1968లో లేక్ జెనీవా అనే చిన్న ఊళ్లో మొదలై, ఇప్పుడు ఇండియానాపొలిస్‌లో ఏటా జరిగే జెన్ కాన్ ఆటల సమ్మేళనం పేరు కూడా ఆటల అభిమానులు వినే ఉంటారు. అక్కడ ఫలానా గంటకు ఫలానా ఆట అని ముందుగా టికెట్టు కొనుక్కొని కూర్చునే కార్యక్రమాలదే పెద్ద పీట. ఎస్సెన్ స్వభావం సంత స్వభావం: ప్రచురణ సంస్థలు తమ కొత్త ఆటలను బల్లల మీద పరిచి పెడతాయి, ఖాళీ కుర్చీ కనిపిస్తే కూర్చుంటాం, వాళ్లు నేర్పుతారు, నచ్చితే పెట్టె కొనుక్కుంటాం, నచ్చకపోతే దండం పెట్టి లేస్తాం. ఈ తేడా తెలియకుండా వెళితే రోజంతా ఆడుకోవచ్చని ఆశపడి, రోజంతా నిలబడి తిరిగి రావలసి వస్తుంది.

ప్రయాణం గురించి క్లుప్తంగా చెబుతాను. చెన్నైలో విమానం ఎక్కి ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగాం. షెంగెన్ వీసా రుసుము 2024 జూన్ నుంచి 90 యూరోలైంది, మేం వెళ్లేనాటికి యూరో 92 రూపాయల చుట్టుపక్కల ఉంది. ప్రదర్శన రోజుల్లో ఎస్సెన్‌లో బస దొరకడం కష్టమని మిత్రుడు ముందే హెచ్చరించాడు కాబట్టి కొలోన్‌లో వాళ్లింట్లోనే దిగి, రోజూ ప్రాంతీయ రైలులో గంటసేపు ప్రయాణం చేసి వచ్చేవాళ్లం. ఎస్సెన్ ప్రధాన స్టేషను అడుగు నుంచే యూ11 అనే భూగర్భ రైలు నేరుగా ప్రాంగణం ముందు దింపుతుంది. అటువైపు వెళ్లే రైలు పెట్టెలో ఎక్కిన వారిలో సగం మంది భుజాలకు ఖాళీ సంచులు వేలాడుతుంటాయి కనుక దారి అడగవలసిన పని పడదు.

మొదటి రోజు గురువారం, జర్మనీ ఏకీకరణ దినోత్సవం, దేశమంతటా సెలవు. మనకు ఆ రోజే దేవీ నవరాత్రులు మొదలయ్యాయి. పదింటికి తలుపులు తెరిచేసరికి బయట ఉన్న జనాన్ని చూస్తే స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండుగ నాటి బారాషహీద్ దర్గా గుర్తుకొచ్చింది. ఎవరికి కావలసిన రొట్టె కోసం వాళ్లు వెతుక్కున్నట్టే, ఇక్కడ ఎవరికి కావలసిన పెట్టె కోసం వాళ్లు వెతుక్కుంటూ లోపలికి సాగారు. నలుగురం విడిపోయి తలా ఒక హాలు చూసి, మధ్యాహ్నం మూడో హాలు తలుపు దగ్గర కలుద్దామని అనుకోవడం మేం చేసిన పెద్ద పొరపాటు. ఆ హాలుకు తలుపులు చాలా ఉన్నాయి. ఒకరినొకరు వెతుక్కోవడానికి గంటకు పైగా పట్టింది, ఈలోగా ఖాళీ అయిన బల్ల ఎక్కడ దొరికినా నలుగురు కావలసిన చోట ఒక్కరమే ఉండేవాళ్లం. ఎస్సెన్‌లో మిత్రబృందమంటే సిద్ధంగా ఉన్న ఆటగాళ్ల జట్టు. నలుగురూ కలిసి నడుస్తుంటే ఒక బల్ల ఖాళీ కాగానే నిలబడిన చోటి నుంచే కూర్చోవచ్చు. రెండో రోజు నుంచి మేం ఒకరి వెనుక ఒకరం కదలడం నేర్చుకున్నాం, ఆ మూడు రోజుల్లో పదకొండు ఆటలు పూర్తిగా ఆడగలిగాం. మొదటి రోజు ఆడినవి రెండే.

ఆ పదకొండింటిలో నాకు బాగా గుర్తుండిపోయింది ‘స్కై టీమ్’. ఫ్రెంచి రూపకర్త లూక్ రెమాన్ చేసిన ఈ ఆటకు ఆ ఏడాది జర్మనీలో ఉత్తమ బోర్డు గేము పురస్కారం ‘ష్పీల్ దెస్ యారెస్’ వచ్చింది. ఇద్దరే ఆడాలి. ఒకరు పైలట్, మరొకరు కో-పైలట్, ఇద్దరూ కలిసి విమానాన్ని దించాలి. పాచికలు వేయడానికి ముందు ఎంతైనా మాట్లాడుకోవచ్చు గానీ, వేసిన తర్వాత పెదవి విప్పకూడదు. నేను పైలట్ కుర్చీలో, కావలి మిత్రుడు ఎదురుగా. నేర్పడానికి వచ్చిన అమ్మాయికి ఇరవై ఏళ్లుంటాయేమో. ఆమె నియమాల పుస్తకం తెరవలేదు. పెట్టెలోంచి ఒక నీలం పాచిక, ఒక నారింజ రంగు పాచిక తీసి, నా వైపు 5, అతని వైపు 2 కనిపించేలా బల్ల మధ్యనున్న ఇరుసు మీద పెట్టి, విమానం బొమ్మను మూడు గీతలు నా వైపు తిప్పింది. “ఇప్పుడు మీరిద్దరూ పోయారు” అంది ఇంగ్లీషులో, చాలా సౌమ్యంగా. తర్వాత ఆ 5ను 3గా మార్చి పెట్టి, విమానాన్ని ఒక్క గీతే వంచి, “ఇలా అయితే ఇంకా బతికే ఉన్నారు” అంది. ఇరుసు మీద పెట్టే రెండు పాచికల మధ్య తేడా ఎంతో, పెద్ద అంకె ఉన్న వైపుకు విమానం అంత ఒరుగుతుందన్న సూత్రాన్ని ఆమె మాటల్లో చెప్పనే లేదు. ఇద్దరికీ అర్థమైపోయింది.

అక్కడి నుంచి ఆమె ఒక్కొక్క గడినే తెరుస్తూ వచ్చింది. ఇంజన్ల మీద ఇద్దరూ పెట్టే పాచికల మొత్తాన్ని బట్టి వేగం, దారికి అడ్డొచ్చే విమానాలను రేడియోతో తప్పించడం, చక్రాలు దించడం నా పని, రెక్కల పలకలు తెరవడం అతని పని, చివర బ్రేకులు. కాఫీ కప్పు బిళ్లల సంగతి మాత్రం మొదటి వరుస, అంటే మొదటి రౌండు, మధ్యలో అవసరం పడినప్పుడే చెప్పింది. ఒక కప్పు ఖర్చుచేస్తే చేతిలోని పాచిక అంకెను ఒకటి పెంచుకోవచ్చు, లేదా తగ్గించుకోవచ్చు. మొత్తం వివరణకు ఏడెనిమిది నిమిషాలు పట్టి ఉంటుంది. మొదటిసారి నాలుగో వరుసలోనే ముందున్న విమానాన్ని ఢీకొట్టాం. “మాట్లాడకుండా ఇమానం దించమంటే ఎట్లా మావా” అని కావలి మిత్రుడు తెలుగులో వాపోతే, ఆ అమ్మాయికి మాట తెలియకపోయినా సంగతి తెలిసి నవ్వింది.

రెండోసారి చివరి వరుసకు వచ్చేసరికి విమానం నా వైపు ఒక్క గీత ఒరిగి ఉంది. దిగేటప్పుడు అది సరిగ్గా అడ్డంగా నిలవాలి. నేను ఇరుసు మీద 3 పెట్టాను. అతను 4 పెడితే తప్ప సరిపోదు. పాచికలను దాచుకునే తెర వెనుక అతని దగ్గర ఏమున్నాయో నాకు కనిపించదు, అడగడానికి వీల్లేదు. అతను తన పాచికల వైపు చూశాడు, ఇరుసు వైపు చూశాడు, చేయి చాచి మిగిలి ఉన్న ఒకే ఒక్క కాఫీ కప్పు బిళ్లను తీసి పక్కన పెట్టి, 5 ఉన్న పాచికను 4కు తిప్పి, ఎంతో నెమ్మదిగా గడిలో ఉంచాడు. ఇరవై ఏళ్లుగా స్నేహితులం. అతని మనసులోని లెక్కను మాట లేకుండా చదవడం నాకు అదే మొదటిసారి. ఈ ఆటను నా చేతికి ఎవరైనా పెట్టెగా ఇచ్చి ఉంటే ఇద్దరికే కదా అని పక్కన పెట్టేసేవాణ్ని. దాన్ని నేర్పిన తీరు వల్ల కొన్నాను.

అలా బల్ల దగ్గర నిలబడి నేర్పేవారిని జర్మన్లు వాడుకలో ‘ఎర్క్లేర్‌బేర్’ అంటారట, అంటే వివరించే ఎలుగుబంటి. వాళ్లలో చాలామంది ఒకే ఆటను పొద్దుటి నుంచి సాయంత్రం ఏడింటి దాకా, ఒకసారి జర్మన్‌లో, మరొకసారి ఇంగ్లీషులో చెబుతూనే ఉంటారు. వారిని గమనించడమే నాకు పనిగా మారింది. మంచి ఎలుగుబంటి మొదట ఎవరు ఎలా గెలుస్తారో, ఎలా ఓడిపోతారో చూపిస్తుంది. చేతికి ఒక ముక్క ఇచ్చి కదిలించమంటుంది. మినహాయింపులను అవి ఎదురయ్యేదాకా దాచి ఉంచుతుంది. మనం తప్పు ఎత్తు వేయబోతే ఆపదు, వేశాక దాని ఫలితం చూపించి వెనక్కి తీసుకోమంటుంది. పదిహేడేళ్లుగా తొమ్మిదో తరగతికి బీజగణితం చెబుతున్నాను, నిర్వచనంతో మొదలుపెట్టి ఉదాహరణకు వెళ్లడం నా అలవాటు. ఆ నాలుగు రోజుల తర్వాత సమీకరణాల పాఠాన్ని తప్పు జవాబుతో మొదలుపెడుతున్నాను, వెనుక బెంచీ పిల్లలు ముందుకు వంగి చూస్తున్నారు.

అందరూ అలా లేరు. శనివారం మధ్యాహ్నం ఒక సంస్థ బల్ల దగ్గర, పేరు ఇక్కడ రాయను, పెద్ద పెట్టెలో వచ్చే ఒక వ్యాపార క్రీడకు కూర్చున్నాం. నేర్పే వ్యక్తి అప్పటికే గొంతు పోయి, అలసిపోయి ఉన్నాడు. నియమాల పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చదవడం ప్రారంభించి, మొత్తం పన్నెండు రకాల బిళ్లల పేర్లు వరుసగా చెప్పి, వాటి ఉపయోగానికి వచ్చేసరికి నలభై నిమిషాలు గడిచాయి. మేం ఒక్క బిళ్లనూ ముట్టుకోలేదు. రెండో వరుస మొదలవుతుండగా తర్వాతి బృందానికి సమయమైందని లేపారు. ఆ వ్యక్తిని నేను తప్పుపట్టను. అతన్ని విరామం లేకుండా నిలబెట్టి, బల్లకు గంటే కేటాయించి, రెండు గంటల ఆటను అక్కడ పెట్టిన సంస్థది తప్పు. పెట్టె మీద రాసిన ఆట సమయం గంటన్నర దాటితే ప్రదర్శనలో దాని జోలికి పోవద్దని, నిలబడి ఐదు నిమిషాలు చూసి కదలమని నా సలహా.

చూడవలసినవి వందలు ఉన్నప్పుడు ఎంచుకోవడానికి ఒక ఉపాయం చెబుతాను. ‘ష్పీల్ దెస్ యారెస్’ పురస్కారం 1979 నుంచి ఇస్తున్నారు. 1995లో కటాన్, 2001లో కార్కసాన్, 2004లో టికెట్ టు రైడ్ అనే ఆటలు దాన్నే గెలిచాయి. ఆట ఆలోచనతో పాటు నియమాలను ఎంత స్పష్టంగా రాశారన్నదీ ఆ నిర్ణేతలు చూస్తారు. గెలిచిన ఆట పెట్టె మీద ఎర్రటి పావు బొమ్మ ఉంటుంది. నీలం పావు పిల్లల ఆటలకు, ముదురు బూడిద రంగు పావు కొంత అనుభవమున్న ఆటగాళ్లకు ఉద్దేశించిన పురస్కారానికి గుర్తు. ఇంట్లో మొదటిసారి బోర్డు గేములు మొదలుపెట్టేవారు ఎర్ర పావు ఉన్న పెట్టెల దగ్గర ఆగితే చాలు.

మేం ఇంటి నుంచి తీసుకెళ్లిన ఆట గురించి కూడా రాయాలి. చీమకుర్తి మిత్రుడు తమ ఊరి గెలాక్సీ గ్రానైట్ పలక మీద పులి–మేక పటం గీయించి తెచ్చాడు. నల్లరాతిలో బంగారు పొడి చల్లినట్టు మెరిసే చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజానివని అక్కడ అడిగిన ప్రతివారికీ ఓపికగా చెప్పాడు. మూడు కిలోల బరువుకు విమానంలో చోటు వృథా అని నేను గొడవపడ్డాను, అది నా తప్పు. పావులను ఉదయగిరిలో చెక్క గరిటెలు, చెంచాలు చెక్కే ఒక కళాకారిణి చేత చేయించాం: ముదురు రంగు పులులు మూడు, లేత రంగు మేకలు పదిహేను. హాళ్ల మధ్య నడవాల్లో జనం అప్పుడే కొన్న పెట్టెలు విప్పుకొని నేల మీద కూర్చుని ఆడుకోవడం ఎస్సెన్‌లో మామూలు విషయం. శుక్రవారం సాయంత్రం మేమూ గోడవారగా బాసింపట్టు వేసుకొని పలక పరిచాం.

పదేళ్ల కూతురితో నడుస్తున్న ఒక తండ్రి ఆగాడు. ఆ పాపకు ఇంగ్లీషు రాదు. నేను ఆ స్కై టీమ్ అమ్మాయి చేసినట్టే చేశాను: ఒక మేకను పెట్టి, దాని పక్కన పులిని పెట్టి, పులి చేత మేక మీదుగా దూకించి, మేకను తీసి నా ఒళ్లో వేసుకున్నాను. తర్వాత మేక వెనుక మరో మేకను పెట్టి, పులి దూకలేక ఆగిపోయినట్టు చూపించాను. పాప తల ఊపి మేకల కుప్పను తన వైపు లాక్కుంది. మేకలన్నీ పటం మీదికి వచ్చేదాకా ఒక్కటీ కదలకూడదన్న నియమం ఒక్కటే మా కందుకూరు మిత్రుడు జర్మన్‌లో చెప్పాడు. ఆరు మేకలు పోగొట్టుకున్నాక ఆ పిల్లకు కిటుకు తెలిసింది, అంచులు పట్టుకొని జంటలు జంటలుగా మేకలను దించుతూ, ఇరవై నిమిషాల్లో కొండకొమ్ము (పటం పైకొస) మీది పులిని కదలకుండా కట్టేసింది. తమ చిన్నతనంలో నక్క, కోళ్లు అనే ఇలాంటి ఆట ఉండేదని తండ్రి చెప్పాడు. ఆ తర్వాత ప్రదర్శన గార్డు వచ్చి దారి వదలమనేదాకా మా చుట్టూ పది మంది పోగయ్యారు.

పక్క హాలులోనే జర్మనీలో ప్రతి ఇంట్లో ఉండే ‘మెన్ష్ ఎర్గెరే దిష్ నిష్ట్’ పెట్టెలు పేర్చి ఉన్నాయి. యోసెఫ్ ఫ్రీడ్రిష్ ష్మిట్ రూపొందించగా 1914 నుంచి పెద్దఎత్తున తయారైన ఆ ఆట మన పచ్చీసు సంతతిదే. ఇంగ్లండులో 1896లో పేటెంటు పొందిన లూడో కూడా ఆ వంశానిదే. మన పచ్చీసు అన్ని దేశాలు తిరిగి అంత అందమైన పెట్టెలో కూర్చుని ఉంటే, పులి–మేకకు ఒక్క బల్ల కూడా నాకు కనిపించకపోవడం బాధ కలిగించింది.

తిండి విషయంలో పెద్దగా చెప్పేది లేదు: వేయించిన బంగాళాదుంపలు, సాసేజీలు, బారులు తీరిన జనం. శాకాహారులు డబ్బా కట్టుకొని వెళ్లడం మంచిది. మేం తీసుకెళ్లిన పులిహోర రెండు రోజులు ఆదుకుంది. తిన్నాక చేతులు కడుక్కోకుండా ఎవరి కార్డులూ ముట్టుకోకూడదన్నది అక్కడ చెప్పకుండానే అందరూ పాటించే మర్యాద, మన ఇళ్లలోనూ పెట్టుకోదగినది.

కొనుగోలు గురించి జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. ఒకే ఆట జర్మన్ ముద్రణ, ఇంగ్లీషు ముద్రణ పక్కపక్కనే ఉంటాయి, పెట్టె ముందు వైపు చూసి కొంటే మోసపోతాం, వెనుక వైపు కార్డుల బొమ్మలో రాత ఏ భాషలో ఉందో చూడాలి. కార్డుల మీద రాతే లేని ఆటలైతే ఏ ముద్రణ అయినా ఫరవాలేదు, నియమాలు నెట్‌లో దొరుకుతాయి. పెట్టెల్లో సగం గాలే ఉంటుంది కాబట్టి లోపలి అట్టలు తీసేసి చిన్న పెట్టెను పెద్ద పెట్టెలో ఇమిడ్చి, 23 కిలోల సంచిలో ఆరు ఆటలు తెచ్చుకోగలిగాం. ఆ తొందరలో నేను కొన్న ఒక ఆటను అక్కడే విప్పి సరిచూసుకోలేదు. నెల్లూరు వచ్చి విప్పితే ముక్కలు విరుచుకోవలసిన అట్ట ఒకటి లోపల లేదు. ఆ సంస్థకు ఫొటోలతో ఉత్తరం రాస్తే మొదటి రెండు వారాలు జవాబే లేదు, మూడోసారి రాశాక క్షమాపణ చెప్పి పంపారు. అది చేరేసరికి రెండు నెలలు పట్టింది. ఎస్సెన్‌లో కొన్న పెట్టెను ఎస్సెన్‌లోనే లెక్కపెట్టుకోవాలి, దుకాణం అక్కడే ఉన్నప్పుడు మార్పిడి నిమిషంలో పని.

విమానం, వీసా, రైలు, టికెట్లు, తిండి, కొన్న ఆటలు అన్నీ కలిపి మాలో ఒక్కొక్కరికి లక్షన్నర దాకా అయింది, బస ఖర్చు లేకపోయినా. ఆ దేశంలో దిగడానికి ఇల్లు, మాట సాయానికి మనిషి లేనివారికి ఇంకా ఎక్కువవుతుంది, వారిని నేను ప్రోత్సహించను. ఒక్కరే వెళ్లేవారినీ ప్రోత్సహించను, ఖాళీ కుర్చీల పక్కన నిలబడి చూడడంతోనే రోజు అయిపోతుంది. యూరప్‌లో చదువుకుంటున్న, ఉద్యోగాల్లో ఉన్న మన పిల్లలు మాత్రం ముగ్గురో నలుగురో కలిసి తప్పకుండా వెళ్లాలి. నాలుగు రోజులు అవసరం లేదు, జనం విరగబడే శనివారాన్ని వదిలి శుక్రవారం, ఆదివారం చూసుకుంటే సరిపోతుంది. ఆదివారం ఆరింటికే మూసేస్తారు, మధ్యాహ్నం తర్వాత నేర్పేవాళ్ల గొంతులూ మూగబోతాయి కాబట్టి ఉదయమే బల్ల పట్టాలి.

గ్రానైట్ పలకను, ఉదయగిరి పావులను కొలోన్‌లోనే వదిలి వచ్చాం. కందుకూరు మిత్రుడు వాటిని తన ఆఫీసులో కాఫీ యంత్రం పక్కన పెట్టాడు, మధ్యాహ్నం విరామంలో పులులకు డిమాండు ఎక్కువని, మేకలు పట్టుకునేవారే దొరకడం లేదని రాశాడు. ఉదయగిరికి వెళ్లి మరో నాలుగు జతల పావులకు చెప్పి వచ్చాను. ఈసారి పటాన్ని గుడ్డ మీద అచ్చు వేయిస్తున్నాం.